ప్లాస్టిక్ తొర్ర

పాలపిట్ట కనపడని దసరా కూడా ఒక దసరాయేనా అని ఐలవ్వ అడిగితే, మొగిలికుంటలో ఆ మాటకు అడ్డు చెప్పేవాళ్ళు ఉండేవారు కాదు. ఇప్పుడు మొగిలికుంటే లేదు. గోదావరిఖని పక్కన ఓపెన్‌కాస్టు గనిని పెద్దది చేసినప్పుడు ఊరు లేచిపోయింది. బొగ్గు మీద ఉన్న మట్టినంతా తవ్వి, డంపర్లకెత్తి తెచ్చి, ఖాళీ అయిన ఊరి మీద పోశారు. పోసినకొద్దీ పెరిగి అది గుట్టయింది. ఆ గుట్ట అడుగున ఐలవ్వ కాపురానికొచ్చిన ఇల్లుంది, బతుకమ్మలాడిన వాకిలి ఉంది, ఆమె చెలక ఉంది, చెలక గట్టున తల తెగిన తాటిమోడు ఉంది.

ఊళ్ళో ఏం పోయిందని అడిగితే మిగతావాళ్ళు ఇల్లంటారు, పొలమంటారు. ఐలవ్వ తాటిమోడంటుంది. ఏటేటా పాలపిట్టల జంట ఒకటి ఆ మోడు తొర్రలోనే గుడ్లు పెట్టేది. దసరా నాడు పొద్దుగుంకే వేళ జమ్మి తెంపుకొని ఊరు ఊరంతా వచ్చి ఆ గట్టున నిలబడేది. "అగో" అని ఒకరంటే చాలు, అందరి తలలూ అటే తిరిగేవి. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ముడుచుకొని ఉండే ఆ పిట్ట, రెక్క విప్పిందంటే నీలమంతా బయటపడేది. చిన్నాపెద్దా చేతులెత్తి మొక్కి, ఎవరి కోరిక వాళ్ళు మనసులో అనుకునేవాళ్ళు. కొత్త కోడలిగా ఐలవ్వకు అదంతా వింతగా అనిపించింది కానీ, రానురాను ఊరంతా తన ఇంటికే చుట్టాలై వస్తున్నంత గర్వం పట్టుకుంది. పిట్ట ఆమె పెంచిందేమీ కాదు. అయినా ఆ గర్వాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

ఊరు పోయాక మనుషులు తలా ఒక దిక్కయ్యారు. కొందరు బసంత్‌నగర్ పోయారు, కొందరు గోదావరిఖనిలో కిరాయి ఇళ్ళు వెతుక్కున్నారు. ఐలవ్వా, ఆమె పెనిమిటి ఎల్లేశం గుట్ట కిందనే కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. బిడ్డ శోభను కొత్తగూడెం ఇచ్చారు. ప్రతి దసరాకూ ఐలవ్వ కరెంటు తీగల కేసి చూస్తూ సాయంత్రం దాకా కాలనీలో తిరిగేది. కాకులుండేవి, గోరింకలుండేవి. ఒక ఏడు చౌరస్తాలో ఎవడో పంజరం పట్టుకొని కూర్చుంటే జనం గుమిగూడారు. లోపల పాలపిట్ట. ఎగరకుండా దాని రెక్కలను దారంతో కట్టేశాడు. అందరూ మొక్కుతున్నారు. ఐలవ్వ మాత్రం దాన్ని చూసి వెనక్కి తిరిగి ఇంటికొచ్చి, పండగ పూట అన్నం ముట్టలేదు. "రెక్కలు గట్టేసినదాన్ని ఏం గోరుకుంటరు? అదే మనల్ని గోరుకుంటున్నది, ఇడువున్రి అని" అంది. ఆ తర్వాత నుంచి వెతకడం మానేసింది. చూడాలన్న ఆశ మాత్రం మానలేకపోయింది.

ఎల్లేశం గురించి కూడా చెప్పాలి. రిటైరయ్యేదాకా ఆయన భూమి లోపలి గనిలో కర్రలు నిలబెట్టే పని చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు ఆనించాలి. అడుగు ముందుకు వేసేముందు చేతికర్రతో కప్పును కొట్టి చూడాలి. గట్టిగా మోగితే ఫికర్ లేదు, డొల్లగా మోగిందంటే వెనక్కి రావాలి. అలా కొట్టి కొట్టి ఒళ్ళు చెడకుండా ఇంటికి చేరిన మనిషి, ఇంటికొచ్చాక కూడా కొట్టడం మానలేదు. కొత్త బిందె కొంటే కొట్టి చూస్తాడు, తలుపు తీసేముందు తలుపును కొడతాడు, శోభ పెళ్ళికి వియ్యంకుల ఇల్లు చూడబోయి వాళ్ళ గోడను కూడా కొట్టి చూశాడు. ఐలవ్వ ఈ ముచ్చట నలుగురిలో చెప్పి నవ్వేది. లోపల మాత్రం తన నుదుటి బొట్టును కాపాడింది ఆ చప్పుడేనని ఆమెకు తెలుసు. గనిలో పేలుళ్ళకు ఆయన చెవులు పోయాయి. ఇప్పుడు ఊతకు పట్టుకునే కర్రతోనో వేళ్ళతోనో కొట్టి, రెండో అరచెయ్యి ఆనించి, ఆ అదురును బట్టి మంచిచెడ్డ చెప్తాడు.

గనివాళ్ళు గుట్ట మీద చెట్లు పెంచి పార్కు చెయ్యాలనుకున్నాక కాలనీ చివర ఒక షెడ్డు లేచింది. పాల కవర్లు, సీసా మూతలు, పగిలిన బకెట్లు, చుట్టుపక్కల చెత్తంతా అక్కడికి వస్తుంది. ఆడవాళ్ళు ఏరి, కడిగి, ఎండబెడితే ఒక మిషన్ తురుముతుంది, ఇంకో మిషన్ కరిగించి పలకలుగా ఒత్తుతుంది. గుట్ట మీద వేసిన బెంచీలు, కంచె గుంజలు, నడకదారి అంచులు అన్నీ ఆ పలకలవే. ఐలవ్వ ఏరే పనికి కుదిరింది. "మా ఊరి మీద కూసునెటందుకు బెంచీలు జేస్తున్న, జూడున్రి నా నసీబు" అని నవ్వేది కానీ, గుట్ట ఎక్కిన రోజు మాత్రం ఆ బెంచీ మీద కూర్చోలేకపోయేది. కింద ఇల్లుందని తెలిసి పైన కాలు మీద కాలేసుకొని ఎలా కూర్చోగలదు?

పార్కు పని చూసే ఆఫీసరు సుప్రజ. కాకినాడ వైపు పిల్ల. ఒకరోజు షెడ్డులో పలకలు చూస్తూ, గుట్ట మీద చెట్లు ఇంతింత అయ్యాయి కానీ పిట్టలు నిలవడం లేదని అంది.

"పాలపిట్ట రాదా బిడ్డా?" అని ఐలవ్వ అడిగింది.

"వచ్చి ఎక్కడుంటుందమ్మా? అది పుల్లలతో గూడు అల్లే రకం కాదు. తొర్ర కావాలి దానికి. మనవేమో లేత చెట్లు. ఇవి ముసలివై తొర్రలు పడాలంటే మనవళ్ళ కాలం రావాలి."

ఐలవ్వ చేతిలో ఉన్న పలకను అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితె తొర్రనే జేద్దాం."

సుప్రజ ముందు నవ్వింది, తర్వాత కూర్చుంది. నిజంగానే కొన్ని చోట్ల అలాంటి పెట్టెల్లో పిట్టలు గుడ్లు పెడతాయని చెప్పింది. కాకపోతే ఇక్కడి ఎండకు ఉత్త ప్లాస్టిక్ కాగిపోతుంది. గోడలు రెండు పొరలుగా చేసి మధ్యలో రంపపు పొట్టు నింపాలి, పైన నీడకు ఇంకో పలక వేయాలి, గాలి ఆడేలా కింద సందులు వదలాలి. లోపల గోళ్ళు పట్టుకునేలా గీతలు గీయాలి. ఆ కొలతలన్నీ పట్టుకొని ఐలవ్వ ఇంటికొచ్చి ఎల్లేశం ముందు పలకలు పడేసింది.

ఎల్లేశం అలవాటుగా పలకను కొట్టాడు, చెయ్యి ఆనించాడు, మొహం చిట్లించాడు. "గిది కర్ర కాదే. కర్రయితె ఇరిగే ముందట కిర్రుమంటది. గన్ల ఎన్నిమాట్ల జెప్పిందో నాకు, లేరా, ఉరుకురా అని. గిదేం జెప్తది? సప్పుడు లేకుంట వంగుతది."

"పిట్ట ఉండేటిది నీ గన్ల కాదు గదా. జెయ్యి," అని ఆమె చేతి సైగలతో కలిపి గట్టిగా చెప్పింది.

చేశాడు. నమ్మకం లేని పనిని కూడా శ్రద్ధగా చేసే మనిషి ఆయన. పెట్టె రంగు అంతా చుక్కలు చుక్కలుగా వచ్చింది, ఎన్ని సంసారాల మూతలు, కవర్లు కలిశాయో మరి. దాన్ని ఎక్కడ నిలబెట్టాలన్న దగ్గర ఐలవ్వ ఎవరి మాటా వినలేదు. గుట్ట పైకెక్కి, రామగుండం పొగగొట్టాలు ఎడమ భుజానికి వచ్చేలా, గోదావరి వంపు ఎదురుగా ఉండేలా అటూ ఇటూ జరిగి జరిగి ఒకచోట ఆగింది. "గిదే నా చెలక" అంది. సుప్రజ అవునో కాదో అడగకుండా అక్కడే ఇనుప స్తంభం పాతించి, పెట్టె బిగించింది.

చలి వెనకబట్టి మోదుగులు పూసే రోజుల్లో పిట్టలు వచ్చాయి. జంట. మొదట తీగ మీద కూర్చున్నాయి. రెండు రోజులకు మగపిట్ట ఆకాశంలోకి నిట్టనిలువునా లేచి, పల్టీలు కొడుతూ, గరగరమని అరుస్తూ కిందికి దూకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం గనిలో పేలుడుకు ముందు సైరన్ మోగితే జంట ఎగిరిపోయింది. మట్టి అదురు తగ్గాక మళ్ళీ వచ్చి వాలాయి. అలా కొన్నాళ్ళకు సైరన్‌కు తల కూడా తిప్పలేదు. ఆడపిట్ట పెట్టె లోపలికి దూరి బయటికి రాని రోజున ఐలవ్వ షెడ్డులో అందరికీ బెల్లం పంచింది.

ఆ రోజే బసంత్‌నగర్‌లో ఉన్న సారవ్వకు ఫోన్ చేసింది. సారవ్వ వరసకు వదినె, మొగిలికుంటలో పక్కిల్లు. "వదినె, మన చెలకల పాలపిట్ట గుడ్లు వెట్టిందే! ఈసారి దసరకు ఎవ్వలు ఎక్కడున్నా రావాలె. మనోళ్ళందరికి నువ్వు జెప్పు. గుట్ట మీదనే జమ్మి." చెప్తూ చెప్తూ ఏడ్చింది. అవతల సారవ్వ కూడా ఏడ్చింది. మాట మనిషి నుంచి మనిషికి పాకి, ఎన్నడో విడిపోయిన ఊరంతా వస్తున్నామని చెప్పింది. పిల్లలు బయటికి వస్తే దసరా దాకా ఈ చుట్టుపక్కలే తిరుగుతాయని సుప్రజ అంది. ఒక్కటే జాగ్రత్త చెప్పింది. "గుడ్ల మీద ఉన్నప్పుడు ఎవరూ దగ్గరికి పోకూడదు. ఒక్కసారి బెదిరితే వదిలేసి పోతాయి."

అందరూ దూరంగానే ఉన్నారు. ఎండలు ముదిరాయి. ఒకనాడు నడకదారి పక్కన కొత్త బెంచీ పలక ఒకటి మధ్యలో కిందికి వంగి కనిపించింది. ఎల్లేశం దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"చెప్పిన గద నేను. సప్పుడు లేకుంట వంగుతదని. గా పెట్టె ఊడి పడితె? లోపట గుడ్లున్నయి."

"పడదు. రెండు పొరలు బెట్టినవ్ గదా," అంది ఐలవ్వ. ఆయనకు వినపడిందో లేదో. రెండు మూడు రోజులు ఆయన మొహంలో అదే దిగులుంది. ఒకరి నెత్తి మీది కప్పుకు తాను జవాబుదారీ అన్న దిగులు అది. ఐలవ్వకు కొత్త కాదు కాబట్టి పట్టించుకోలేదు. పట్టించుకొని ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయి షెడ్డు ఆగింది. ఐలవ్వ మొక్కలకు నీళ్ళు పోద్దామని గుట్ట ఎక్కింది. మలుపు తిరగ్గానే స్తంభానికి ఆనించిన నిచ్చెన కనిపించింది. నిచ్చెన మీద ఎల్లేశం. కుడిచేతిలో కర్ర.

"ఓ శోభ నాయినా! ఆగు! ముట్టకు!" అని గొంతు చించుకొని అరిచింది. బిందె వదిలేసి పరిగెత్తింది. పరిగెత్తుతూ అరిచింది. గుట్ట కింద డ్యూటీలో ఉన్న డంపర్ డ్రైవర్లు కూడా తలెత్తి చూశారు. వినాల్సిన ఒక్క మనిషికి మాత్రం వినపడలేదు. ఆయన మేకులు ఒక్కొక్కటీ వేలితో కదిపి చూశాడు, అడుగు పలక తడిమాడు. ఆ తర్వాత, గనిలో వేలసార్లు చేసినట్టే, ఎడమ అరచెయ్యి పెట్టె మీద ఆనించి, కర్రతో టక్ టక్ టక్ మని కొట్టాడు.

పిట్ట ఆయన మొహం పక్క నుంచే దూసుకుపోయింది. ఎక్కడి నుంచో రెండోది అరుస్తూ వచ్చింది. రెండూ ఒక చుట్టు తిరిగాయి, గని గుంత మీదుగా సాగి, గోదావరి దిక్కుకు పోయాయి.

ఎల్లేశం కిందికి దిగాడు. తన ఎడమ చేతిని తానే కొత్తగా చూసుకుంటున్నాడు. "లోపటనే ఉన్నదే. రెక్కలు గొట్టుకున్నది. నా చేతికి దెలిసింది," అన్నాడు. తర్వాత కర్రను చూశాడు. "నేను కొట్టిన్నా?"

కొట్టాడని ఆయనకు తెలియదు. ఐలవ్వకు అది అర్థమైంది. అర్థమైనా కోపం ఆగలేదు.

"గన్ల కొట్టి కొట్టి బతికినవ్! ఒక్కనాడు కొట్టకుంట ఉండరాలేదా నీకు? ఊరిని పిలిసిన్నయ్యా నేను! ఊరందరిని పిలిసిన!"

పిట్టలు రాలేదు. ఆ సాయంత్రం రాలేదు, మర్నాడూ రాలేదు. సుప్రజ పొడుగు కర్రకు చిన్న అద్దం కట్టి లోపల చూసింది. తెల్లటి గుడ్లు అలాగే ఉన్నాయి, మీద పొదిగే పిట్ట లేకుండా. "వచ్చే ఏడు రావచ్చమ్మా. ఒకసారి చూసుకున్న చోటు కదా," అంది. వచ్చే ఏడు అన్న మాట ఐలవ్వ వయసు మనిషికి ఎంత దూరమో ఆ పిల్లకు తెలియదు.

ఐలవ్వ ఆయనతో మాట్లాడటం మానేసింది. కంచం ముందు పెట్టేది, మందు గోళీలు పక్కన పెట్టేది, మాట మాత్రం లేదు. చెవిటి మనిషితో మాటలు మానేస్తే ఏం తెలుస్తుందని కాలనీవాళ్ళు అనుకున్నారు. కానీ ఆమె నోరు కదలడం చూసే ఆయన ఇన్నాళ్ళూ లోకం సంగతులు తెలుసుకున్నాడు. ఇప్పుడు ఆ నోరు మూసుకుంది. రోజూ పొద్దుగుంకే ముందు ఆయన గుట్ట ఎక్కేవాడు. పెట్టెకు దూరంగా, అన్నిటికన్నా చివరి బెంచీ మీద కూర్చొని గోదావరి వైపే చూసేవాడు. కర్ర లేకుండా పోయేవాడు. అది లేక ఒకటి రెండుసార్లు తూలి పడ్డాడు కూడా. మోకాలికి దెబ్బ చూసి ఐలవ్వ పసుపు అద్దింది. అప్పుడు కూడా మాట్లాడలేదు. మాట్లాడాలని లేక కాదు. మొదలుపెడితే ఏ మాట వస్తుందోనని భయపడింది.

వానలు వచ్చాయి, పోయాయి. బతుకమ్మ పూలు పూశాయి. రావద్దని ఊరికి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. నిజానికి చెప్పాలని కూడా లేదు. పిట్ట లేకపోతే లేకపోయె, ఊరైనా కనపడుతుందని ఆశ.

దసరా సాయంత్రం వచ్చారు. ఆటోల్లో, బండ్ల మీద, బస్సు దిగి నడిచి. గుర్తుపట్టలేనంత ముసలివాళ్ళైనవాళ్ళు వచ్చారు, ఊరును చూడని కోడళ్ళు వచ్చారు. జమ్మి కొమ్మ తెచ్చి స్తంభం పక్కన నాటారు. "గిక్కడ మా ఇల్లుండె", "కాదు, మీ ఇల్లు గటు" అని గుట్ట మట్టి మీద వేళ్ళతో చూపించుకున్నారు. సుప్రజ ఒక పక్కన నిలబడి వింటోంది. ఎల్లేశం మాత్రం ఆ గుంపులోకి రాలేదు. చివరి బెంచీ మీదే వీపు తిప్పి కూర్చున్నాడు. ఆయనను పలకరించబోయినవాళ్ళకు చేతులు జోడించి, తల దించుకున్నాడు.

పొద్దు కిందికి జారింది. గాలి లేచింది. మాటలు ఒక్కొక్కటే ఆగిపోయి, అందరూ ఆకాశంలోకి చూడసాగారు.

"వదినె, యాడున్నదే నీ పిట్ట?" అని సారవ్వ మెల్లగా అడిగింది.

ఐలవ్వ "వస్తది" అంది. రాదని ఆమెకు తెలుసు. అంతమంది ముందు అంత ఒంటరిగా ఆమె ఎన్నడూ నిలబడలేదు.

అప్పుడు వినపడింది ఎల్లేశం గొంతు. "అగో! అగో! అగో!"

ఆయన లేచి నిలబడ్డాడు. చెయ్యి గని వైపు చాచాడు. గుంతలో నుంచి నీలంగా ఒకటి పైకి లేచింది. గాలి దాన్ని నిట్టనిలువునా ఎత్తి, పల్టీ కొట్టించి, పక్కకు తోసి, మళ్ళీ ఎత్తింది. వాలుతున్న ఎండ తగిలి ఆ నీలం మెరిసింది.

అది కవరు. బట్టల దుకాణంవాళ్ళు ఇచ్చే పల్చటి నీలం కవరు. రోజూ షెడ్డులో అలాంటివి ఏరే ఐలవ్వ వాటిని ఎంత దూరం నుంచైనా పోల్చుకుంటుంది. ఎల్లేశం కళ్ళకు అంత దూరం చూపు ఆనదు. ఆయన ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, రెండు చేతులూ నెత్తి మీదికెత్తి మొక్కుతున్నాడు. ఎండాకాలం నుంచి ఆ బెంచీ మీద కూర్చొని ఆయన దేనికోసం చూశాడో ఐలవ్వకు ఆ క్షణాన తెలిసింది. ఊరి కోసం కాదు, పండగ కోసం కాదు. తాను వెళ్ళగొట్టింది తిరిగి రావాలి, ఆమె ముందు. అంతే.

ఐలవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

సారవ్వ ఆ నీలాన్ని చూసింది. ఐలవ్వ మొహం చూసింది. ఆమె కూడా చేతులెత్తింది. ఆమె పక్కనున్న ముసలాయన ఎత్తాడు, ఆయన వెనక కోడళ్ళు ఎత్తారు. అది ఏమిటో కొందరికి తెలుసు, కొందరికి తెలియదు. తెలిసినవాళ్ళే ఎక్కువసేపు మొక్కారు. సుప్రజ కాసేపు చూసి, చెప్పులు విప్పి తానూ చేతులు జోడించింది. కవరు గని అంచు దాటి కిందికి దిగిపోయింది. ఊళ్ళో ఒక్కరూ చేతులు దించలేదు.

ఎల్లేశం తడబడుతూ గుంపులోకి నడిచి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఐలవ్వ ముందు ఆగి, ఆమె నోటికేసి చూస్తూ అడిగాడు.

"మల్లొచ్చింది గదనే? నేను కొట్టినంక గూడ, మల్లొచ్చింది గదా?"

ఐలవ్వ ఆయన తలను దగ్గరికి తీసుకొని, చెవిలో నోరు పెట్టి, మొగిలికుంటంతా వినేంత గట్టిగా చెప్పింది.

"వచ్చిందయ్యా. నేను జూసిన. అందరం జూసినం."